ఐసు కరిగేంతసేపు

"కాఫీ తెచ్చింది మీరు. ఇచ్చింది మీరు. తాగిన మనిషి అరగంటలో నేల మీద పడి ఉన్నాడు. ఇంక కొత్తగా నేను అడగాల్సింది ఏముంది డాక్టర్ గారూ?"

"నిన్నటి నుంచి ఆరుగురు వచ్చి అడిగారు. ఆరుగురూ కాఫీ గురించే అడిగారు. అసలు అక్కడికి ఎందుకు వెళ్ళావమ్మా అని ఒక్కరూ అడగలేదు."

"సరే, నేను అడుగుతున్నాను. ఎందుకు వెళ్ళారు?"

డాక్టర్ ఫోతీని ద్రోసు ఎదురుగా ఉన్న ఇన్‌స్పెక్టర్ చేతుల వైపు చూస్తూ కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ లెమోనియా కర్వేలా వేళ్ళ మధ్య పూసలదండ ఒకటి ఆగకుండా తిరుగుతోంది. టిక్, టిక్, టిక్.

"మానేసి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది డాక్టర్.

"ఏం మానేసి?"

"సిగరెట్. ముప్ఫై ఏళ్ళుగా ఊపిరితిత్తులు చూస్తున్నాను. ఆ పూసలు తిప్పే పద్ధతి నాకు తెలుసు."

"పదకొండు రోజులు," అంది లెమోనియా చిరాగ్గా. "ప్రశ్నలు నేనడుగుతాను. టైము ఎనిమిదీ పది. పదింటికి వ్లాహోస్ సార్ మిమ్మల్ని ప్రాసిక్యూటర్ ముందు నిలబెడతారు. మీకు గంటా యాభై నిమిషాలుంది. నాకు అంతకంటే తక్కువ."

నిజమే. నిన్న బుధవారం పదకొండింటికి పార్లమెంటు ఆరోగ్య కమిటీ ముందు మిల్తోస్ కొంతోస్ మాట్లాడాల్సింది. అరవై ఒక్కేళ్ళ మనిషి. ఓడల మరమ్మతు యార్డులో వెల్డరుగా చేసి, ముప్ఫై ఎనిమిదేళ్ళు రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు కాల్చి, స్ట్రాబెర్రీ రుచి ఉన్న ఈ-సిగరెట్ పుణ్యమా అని బయటపడ్డవాడు. అలా బయటపడ్డవాళ్ళందరినీ పోగేసి సంఘం పెట్టాడు. పళ్ళ రుచులన్నీ నిషేధించి, ఈ-సిగరెట్లని మందుల షాపుల్లో మాత్రమే అమ్మాలనే చట్టం వస్తోందని తెలిసిన రోజు నుంచి ఆయన నిద్రపోలేదు. "ఇది తీసేస్తే మావాళ్ళు మళ్ళీ పెట్టెలే కొంటారు" అని ఊరూరా తిరిగి, నాలుగు వేల ఉత్తరాలు రాయించాడు. నేను సిగరెట్ ఇలా మానాను అని జనం తమ చేత్తో రాసిన ఉత్తరాలు.

ఆ చట్టం కావాలని టీవీల్లో ఆయన్ని ఉతికి ఆరేసింది ఈ డాక్టరే.

నిన్న పొద్దున తొమ్మిదీ యాభైకి మిల్తోస్ తన ఆఫీసులోనే పడిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. కమిటీ సమావేశం ఇవాళ పదకొండింటికి వాయిదా పడింది. బల్ల మీద దొరికిన సగం ఖాళీ అయిన చల్లకాఫీలో గాఢమైన నికోటిన్ ఉంది. ఈ-సిగరెట్ల ఫ్యాక్టరీలో పల్చన చెయ్యకముందు ఉండే సరుకు. డాక్టర్ లాబ్‌లో ప్రయోగాల కోసం అలాంటి సీసా ఉంది. ఆమె రెండు కాఫీలు పట్టుకుని మెట్లెక్కడం ఎదురుగా ఉన్న బేకరీ ఆవిడ చూసింది.

"టైములు చెప్పండి," అంది లెమోనియా.

"తొమ్మిదీ పద్దెనిమిదికి బేకరీలో కొన్నాను. ఆయనకి చక్కెర లేనిది, నాకు కొంచెం వేసింది. ఒక నువ్వుల రొట్టె కూడా. తొమ్మిదీ ఇరవైకి పైకెళ్ళాను. తొమ్మిదీ ముప్ఫై అయిదుకి కిందికొచ్చాను. నా కాఫీ బస్టాపులో తాగి పారేశాను."

"ఆయనకి చక్కెర లేనిదే ఎందుకు?"

"షుగరు వ్యాధి. ఇన్సులిన్ తీసుకుంటాడు. నిన్న కంగారులో ఏమీ తినలేదన్నాడు. రొట్టె తెచ్చిందే అందుకు. ఒక్క ముక్క తుంచి పక్కన పెట్టాడు. తిట్టాను కూడా."

"టీవీలో తిట్టుకునేవాళ్ళు ఇలా రొట్టెలు కూడా తినిపించుకుంటారా?"

డాక్టర్ మొదటిసారి నవ్వింది. అలసిపోయిన నవ్వు.

"అయిదు వారాలుగా కలుస్తున్నాం. ఎవరికీ తెలీకుండా. ఆయన నా పేషెంట్ల దగ్గర కూర్చునేవాడు. నేను ఆయన తెచ్చిన ఉత్తరాలు చదివేదాన్ని. ఒక ఉత్తరంలో ఎవరో జాలరి రాశాడు, పుచ్చకాయ వాసన లేకపోతే నేనీపాటికి పోయేవాణ్ణని. ఆ ఉత్తరానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆయన్ని నేనొక బడికి తీసుకెళ్ళాను. పెన్సిల్ డబ్బాల్లో దాచుకునే రంగురంగుల ఈ-సిగరెట్ పుల్లలు చూపించాను, వాడి పారేసేవి. పన్నెండేళ్ళ పిల్లల దగ్గర. దానికి ఆయన దగ్గర సమాధానం లేకపోయింది."

"తర్వాత?"

"ఒప్పందానికొచ్చాం. పెద్దవాళ్ళకి రుచులు ఉండనివ్వాలి, లైసెన్సున్న షాపుల్లో, వయసు చూసి. వాడి పారేసే పుల్లలు మాత్రం పూర్తిగా ఆపెయ్యాలి. నిన్న కమిటీ ముందు ఇద్దరం పక్కపక్కనే కూర్చుని అదే చెప్పాలని. సంతకాలు పెట్టింది నిన్న తొమ్మిదిన్నరకి. నీలం ఫైల్లో పెట్టి ఆయన దగ్గరే ఉంచాను."

"ఆఫీసులో నీలం ఫైలు లేదు."

"అందుకేగా నేనిక్కడున్నాను," అంది డాక్టర్.

*

ఎనిమిదీ యాభై రెండుకి లెమోనియా బేకరీలో ఒక చల్లకాఫీ కొని, చేతిలో పట్టుకుని రెండో అంతస్తు ఎక్కింది. సార్జెంట్ ప్రోద్రోమోస్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఆమె దగ్గర తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాడు.

"మీరు చల్లకాఫీ తాగరుగా మేడమ్?"

"తాగను. ఏసీ వెయ్యకు. నిన్న ఉందా?"

"లేదు. వారం నుంచి పాడైందట."

లెమోనియా కాఫీని మిల్తోస్ బల్ల మీద, సుద్దతో గుండ్రంగా గీసి ఉన్న చోట పెట్టింది. గడియారం చూసుకుంది. నిన్న పోలీసులు తీసిన ఫోటో జేబులోంచి తీసి పక్కన పెట్టింది. ఫోటో తీసిన టైము పదీ ఆరు.

ఆ తర్వాత గదిని వెతకడం మొదలుపెట్టింది. గోడవారగా తొమ్మిది అట్టపెట్టెలు, నిండా ఉత్తరాలు. బల్ల మీద ఆయన ఈ-సిగరెట్, పక్కన చిన్న సీసా, స్ట్రాబెర్రీ, నికోటిన్ సున్నా. ఆయన నికోటిన్ కూడా మానేశాడన్నమాట. అలవాటు పోయిన ఒంటికి విషం ఇంకా తొందరగా ఎక్కుతుంది. తుంచిన రొట్టె ముక్క ఎండిపోయి ఉంది.

పై సొరుగులో పెన్నులు. రెండో సొరుగులో కాగితాల కింద, షుగర్ చూసుకునే చిన్న మిషను.

"ఇది నిన్నటి జాబితాలో ఉందా?"

"లేదు మేడమ్. వ్లాహోస్ సార్ వాళ్ళు బల్ల మీదున్నవే రాసుకుని వెళ్ళారు."

ఆమె చేతి తొడుగు వేసుకుని బటన్ నొక్కింది. చివరి లెక్క తెర మీదికొచ్చింది. బుధవారం, తొమ్మిదీ నలభై నాలుగు. యాభై నాలుగు.

"యాభై నాలుగంటే బాగా పడిపోయినట్టేగా?" అన్నాడు ప్రోద్రోమోస్. "మా అత్తగారికి అరవై వస్తేనే చేతులు వణుకుతాయి, ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ళని తిడుతుంది."

"వేలు పొడుచుకుని చూసుకున్నాడంటే తొమ్మిదీ నలభై నాలుగుకి బతికే ఉన్నాడు, తెలివిలోనే ఉన్నాడు. మరి చేతులు వణికే మనిషి దీన్ని కాగితాల కింద దాస్తాడా?"

"దాచాల్సిన పనేంటి ఆయనకి?"

"ఆయనకి లేదు."

మెట్ల మీద బూట్ల చప్పుడు. ముందు సిగరెట్ వాసన వచ్చింది, తర్వాత వ్లాహోస్ వచ్చాడు. పై ఆఫీసులో డిప్యూటీ డైరెక్టర్. ఒకప్పుడు లెమోనియాతో పాటే ట్రైనింగ్ అయ్యాడు. ఇప్పుడు ఆమెకంటే మూడు మెట్లు పైనున్నాడు, ఆ సంగతి ఆమె మర్చిపోకుండా చూసుకుంటాడు.

"బాగుంది. హత్య జరిగిన గదిలో కాఫీ తాగుతున్నావా?"

"తాగడం లేదు సార్. చూస్తున్నాను."

"ఏం చూస్తున్నావు?"

"ఐసు."

వ్లాహోస్ గట్టిగా పొగ వదిలాడు. లెమోనియా ముక్కు ఆమె ప్రమేయం లేకుండానే ఆ పొగ వెంట వెళ్ళింది. పూసలు మళ్ళీ టిక్ టిక్ మన్నాయి.

"చూడు లెమోనియా. పదకొండింటికి కమిటీ కూర్చుంటుంది. ఈ గొడవ తేలకుండా ఓటింగుకి పోతే మంత్రి నా పీక పట్టుకుంటాడు. డాక్టర్ ఉంది, విషం ఉంది, కాఫీ ఉంది. ఇంకేం కావాలి నీకు?"

"టైము కావాలి సార్. నలభై ఎనిమిది నిమిషాలు. పదమూడు అయ్యాయి."

"పిచ్చి గానీ పట్టిందా?"

"సిగరెట్ మానేశాను. అదీ ఇదీ ఒకటే."

వాళ్ళిద్దరూ ఇంకో నాలుగు మాటలు అనుకునేవారే. ఈలోగా తలుపు దగ్గర ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"ఆ సిగరెట్ ఆర్పండి సార్. మూడేళ్ళుగా ఈ గదిలో ఎవరూ వెలిగించలేదు. ఆయన పోయిన మర్నాడే మొదలుపెట్టాలా?"

వ్లాహోస్ అంతటివాడు కిటికీ చట్రానికి రుద్ది ఆర్పేశాడు.

లోపలికొచ్చిన ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. నల్లబట్టలు, ఏడ్చి వాచిన కళ్ళు. థెక్లా సరాందీ, సంఘం ఉపాధ్యక్షురాలు. ఊరి బయట ఈ-సిగరెట్ ద్రవాలు తయారుచేసే ఫ్యాక్టరీ ఆవిడదే.

"ఉత్తరాల పెట్టెలు పార్లమెంటుకి పంపాలి తల్లీ," అంది లెమోనియాతో. "కనీసం రెండు పెట్టెలైనా. మా వాడు ఖాళీ చేతులతో ఎలా మాట్లాడతాడు?"

"మా వాడంటే?"

"ఇయాసోన్. సంఘం సలహాదారు. మిల్తోస్ బదులు ఇవాళ వాడే మాట్లాడతాడు. బాప్తిస్మం నాడు వాణ్ణి ఎత్తుకున్నది నేనే. వాళ్ళమ్మ పోయాక పెంచిందీ నేనే. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు వాడు."

"మిల్తోస్ పడిపోవడం మొదట చూసింది అతనేగా?"

"అదే మరి. తొమ్మిదీ యాభైకి తలుపు తీసేసరికి నేల మీద ఉన్నాడట. ఆ డాక్టరమ్మకి చేతులెలా వచ్చాయో!" థెక్లా కొంగులాంటి నల్లశాలువాతో కళ్ళొత్తుకుంది.

"ఇక్కడ ఒక నీలం ఫైలు చూశారా? మిల్తోస్ గారూ, డాక్టర్ గారూ కలిసి సంతకాలు పెట్టిన ఒప్పందం అందులో ఉందట."

"ఒప్పందమా? మిల్తోసా?" థెక్లా తల అడ్డంగా ఊపింది. "ఆ మహాతల్లి ఎన్ని చెప్పదు! మిల్తోస్ ఒక్క అక్షరం కూడా వదులుకునే మనిషి కాదు."

ఆవిడ పెట్టెలు ఎంచుతూ అక్కడే ఉండిపోయింది. వ్లాహోస్ కిటికీ దగ్గర ఫోన్లు మాట్లాడుతూ నిమిషానికోసారి గడియారం చూసుకున్నాడు. లెమోనియా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. కాఫీలో ఐసుముక్కలు ముందు మూలలు పోగొట్టుకున్నాయి. తర్వాత సన్నబడ్డాయి. పైన నిలబడ్డ నురగ కిందికి కూలిపోయింది. ఆమె మోకాలు బల్ల కింద ఆగకుండా ఊగుతోంది. ఇలాంటప్పుడు ఒక్క సిగరెట్, ఒక్కటంటే ఒక్కటి ఉంటే ఎంత బాగుండేదో అనిపించి, తన మీద తనకే కోపమొచ్చింది.

తొమ్మిదీ నలభై అయింది.

"సార్, ఇటు రండి," అంది. "గ్లాసులో ఐసుందా?"

"కరిగిపోయింది. ఈ ఎండకి కరగదా మరి?"

"ఇది కొని నలభై ఎనిమిది నిమిషాలైంది. డాక్టర్ కాఫీ కొన్నది తొమ్మిదీ పద్దెనిమిదికి. మీవాళ్ళు ఫోటో తీసింది పదీ ఆరుకి. అది కూడా నలభై ఎనిమిది నిమిషాలే. అదే బేకరీ, అదే బల్ల, ఏసీ లేదు. ఇప్పుడు ఫోటో చూడండి."

వ్లాహోస్ ఫోటో అందుకున్నాడు. విషం కాఫీ గ్లాసులో మూడు ఐసుముక్కలు, మూలలు మాత్రం కాస్త అరిగి, నురగ మీద తేలుతున్నాయి.

ఫోటోని, బల్ల మీది గ్లాసుని మార్చి మార్చి చూశాడు.

"ఈ కాఫీ డాక్టర్ తెచ్చింది కాదు," అంది లెమోనియా. "ఆవిడ వెళ్ళిపోయాక, ఆయన పడిపోయేలోగా ఎవరో తెచ్చారు. డాక్టర్ తెచ్చిన గ్లాసుని మాయం చేశారు. ఆవిణ్ణి ప్రాసిక్యూటర్ ముందు పెడితే ఆవిడ లాయరు ఇదే గ్లాసుని టీవీలో పెడతాడు. అప్పుడు మంత్రి ఎవరి పీక పట్టుకుంటాడో మీరే ఆలోచించుకోండి."

"నీకు నోరెక్కువ."

"పదకొండు రోజులుగా అది ఒక్కటే పనిచేస్తోంది సార్."

వ్లాహోస్ పళ్ళు నూరుకుంటూ ఫోన్ తీశాడు. "నేనే. ఆ డాక్టర్ని వదిలెయ్యండి. ఆఁ, ఇప్పుడే. సామాను ఇచ్చేసి పంపించండి." ఫోన్ జేబులో పెట్టుకుని లెమోనియా వైపు వేలు చూపించాడు. "పదకొండు లోపు నాకు ఇంకో పేరు కావాలి. లేకపోతే నువ్వు ట్రాఫిక్‌లో ఉంటావు."

గోడ దగ్గర థెక్లా ఉత్తరాల పెట్టె మూత మెల్లగా మూసింది. "పోనీలెండి, పాపం. తప్పు చెయ్యని మనిషిని ఎందుకు ఉంచాలి," అంది. "నేను బయల్దేరతాను తల్లీ. ఈ రెండు పెట్టెలు మీవాళ్ళ చేత పంపించండి."

ఆవిడ వెళ్ళాక లెమోనియా సార్జెంట్ చేత లాబ్‌కి ఫోన్ చేయించింది.

"విషం గ్లాసు మూత మీద పెన్నుతో రాసిన అక్షరం ఏముందో చూడమను."

బేకరీ వాళ్ళు మూత మీద అక్షరం రాసిస్తారు, చక్కెర లేనిదానికి ఒకటి, మధ్యరకానికి ఒకటి, తీపిదానికి ఒకటి. ప్రోద్రోమోస్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విని, కనుబొమలు ఎగరేశాడు.

"తీపి మేడమ్. పక్కన ఇంకో గీత కూడా ఉందట. అంటే రెండింతల చక్కెర."

షుగరు మనిషి బల్ల మీద రెండింతల చక్కెర! లెమోనియా ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, సొరుగులో దొరికిన మిషను వైపు తిరిగింది. యాభై నాలుగు. చక్కెర పడిపోయి చేతులు వణుకుతున్నవాడు ఏం చేస్తాడు? ఎదుటివాడి చేతిలో తియ్యటిది ఏదుంటే అది లాక్కుని తాగుతాడు.

ఆమె మెట్లు రెండేసి చొప్పున దిగి రోడ్డు దాటి బేకరీలో దూరింది.

"రెండింతల చక్కెరతో చల్లకాఫీ ఇక్కడ ఎవరు తాగుతారు?"

బేకరీ ఆవిడ చేతులు దులుపుకుంటూ నవ్వింది. "ఇంకెవరు, ఎదురు మేడ మీదుండే ఇయాసోన్ బాబే. పాయసం తాగినట్టు తాగుతాడు. ఎందుకమ్మా?"

*

కమిటీ హాలు బయట వసారాలో ఇయాసోన్ మవ్రిదిస్ బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు. ఒళ్ళో తోలుసంచి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. టైము పదీ ముప్ఫై ఎనిమిది. వసారా చివర వ్లాహోస్ గోడకి ఆనుకుని, వెలిగించడానికి వీల్లేని సిగరెట్‌ని వేళ్ళ మధ్య నలుపుతున్నాడు.

లెమోనియా ఇయాసోన్ పక్కన కూర్చుంది.

"నిన్న తొమ్మిదీ యాభైకి తలుపు తీశారు. ఆయన అప్పటికే నేల మీద ఉన్నాడు. అంతేనా?"

"అంతే. రాసిచ్చానుగా."

"మీ కాఫీ ఎక్కడ పెట్టారు?"

"నా... ఏ కాఫీ?"

"రెండింతల చక్కెర కాఫీ. రోజూ తాగేది. నిన్న తాగలేదా?"

అతను సంచిని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"పోనీ నేను చెప్తాను. మీరు తొమ్మిదీ యాభైకి కాదు, అంతకుముందే వెళ్ళారు. తొమ్మిదీ నలభై నాలుగుకి ఆయన వేలు పొడుచుకుని చూసుకున్నాడు. చక్కెర పడిపోయింది. మిషను మీరే సొరుగులో పెట్టారు, ఆ అంకె చూస్తే మీ కాఫీ సంగతి బయటపడుతుందని. డాక్టర్ తెచ్చిన గ్లాసు మాయం చేసిందీ మీరే. ఒక ఆడమనిషిని రాత్రంతా లాకప్‌లో కూర్చోబెట్టారు. చంపింది కూడా మీరేనా?"

"కాదు!" అతని గొంతు వసారా అంతా వినిపించింది. వ్లాహోస్ గోడ వదిలి దగ్గరికొచ్చాడు. "కాదు. నేను... ఆయన తెల్లగా పాలిపోయి, వణుకుతున్నాడు. 'ఒరే, తియ్యటిది ఏదన్నా ఉందా' అన్నాడు. నా చేతిలో ఉన్నది ఇచ్చాను. గటగటా సగం తాగాడు. 'ఇదేం చేదురా, చక్కెర వేశారా మందు వేశారా' అన్నాడు. నవ్వాడు మేడమ్. నవ్వి, గ్లాసు బల్ల మీద పెట్టి..."



"మీరు ఒక్క గుక్క కూడా తాగలేదా?"

"మెట్లెక్కుతూ తాగబోయాను. ఫోన్ మోగింది."

లెమోనియా చేతిలో పూసలు ఆగిపోయాయి.

"అంటే ఆ విషం మిల్తోస్‌కి కాదు. మీకు."

అతను తల ఊపాడు. నిన్నటి నుంచి ఈ మాట ఇంకొకరి నోట వినడానికే కాచుకుని కూర్చున్నట్టు, ఒక్కసారిగా భుజాలు వాలిపోయాయి.

"ఆ కాఫీ మీకు ఎవరిచ్చారు?"

అతను మెట్ల వైపు చూశాడు.

"చూడు బాబూ," అన్నాడు వ్లాహోస్, ఎప్పుడూ లేనంత మెత్తగా. "నిన్ను చంపబోయినవాళ్ళని నువ్వే కాపాడుతున్నావంటే అది ఎవరో బయటివాళ్ళు కాదు."

ఇయాసోన్ సంచి పట్టీ వదిలాడు.

"నోనా," అన్నాడు చివరికి. బాప్తిస్మం నాడు ఎత్తుకున్న తల్లిని అలాగే పిలుస్తారు. "రోజూ ఆవిడే తెస్తుంది. నేను బడికెళ్ళే రోజుల్లో పాలు తెచ్చేది, ఇప్పుడు కాఫీ. నిన్న తొమ్మిదీ నలభైకి మెట్ల దగ్గర నా చేతిలో పెట్టింది. 'తాగి వెళ్ళు నాన్నా, ఇవాళ నీకు పెద్ద రోజు' అంది. నా పేరు మీద కొవ్వొత్తి వెలిగిస్తానని చర్చికి వెళ్ళింది."

"ఎందుకు? మీరేం చేశారు ఆవిణ్ణి?"

"ఆ ఒప్పందం రాసింది నేను. మిల్తోస్ గారికి మనసుంది గానీ రాత రాదు. డాక్టర్ గారు చెప్పింది, ఆయన చెప్పింది, కూర్చి కాగితం మీద పెట్టింది నేనే. మొన్న సాయంత్రం నోనాకి తెలిసిపోయింది. వాడి పారేసే పుల్లలు ఆపితే ఆవిడ ఫ్యాక్టరీ నడవదు. మూడొంతులు అవే చేస్తోంది. 'నువ్వు లేకపోతే ఆ వెల్డరు నాలుగు ముక్కలు కూడా మాట్లాడలేడు' అంది. బతిమాలింది. ఏడ్చింది. నేను వినలేదు. పొద్దున మళ్ళీ మామూలుగా ముద్దుపెట్టుకుని కాఫీ ఇచ్చింది. నేను... నేను తప్పుగా అనుకుంటున్నానేమో మేడమ్. బేకరీలోనే ఎవరైనా కలిపారేమో. రాత్రంతా ఆవిడ నా తల నిమురుతూ కూర్చుంది."

సంచి తెరిచి నీలం ఫైలు బయటికి తీశాడు. దాని కింద ఇంకో కాగితాల కట్ట ఉంది.

"ఇది ఒప్పందం. అది నోనా ఇవాళ చదవమని ఇచ్చిన ప్రసంగం. ఒక్క రుచి కూడా వదలం, ఒక్క పుల్ల కూడా ఆపం అని. అది చదివితే ఈ ఫైలు సంగతి ఎవరికీ తెలీదు. ఏది చదవను?"

"అది నన్నడిగితే ఎలా?" అంది లెమోనియా. "నాకు తెలిసింది ఒక్కటే. డాక్టర్ని ఇరికించి మీరు చేసింది నేరం. దానికి మీరు జవాబు చెప్పాలి. చెప్పించకుండా వదలను. ముందు మీ నోనా ఎక్కడ?"

"పదకొండు లోపు వస్తానంది."

హాలు తలుపు తెరుచుకుంది. గుమాస్తా అతని పేరు పిలిచాడు. టైము పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ. ఇయాసోన్ లేచాడు. రెండు కట్టలూ చేతిలోనే ఉన్నాయి. వ్లాహోస్ ఒక కానిస్టేబుల్ని తలుపు దగ్గర నిలబెట్టి, అతన్ని లోపలికి వెళ్ళనిచ్చాడు.

లెమోనియా అప్పటికే ఫోన్‌లో ఉంది. "ప్రోద్రోమోస్, థెక్లా సరాందీ ఎక్కడుందో చూడు. ఇల్లు, చర్చి, ఫ్యాక్టరీ."

"అయ్యో, ఆవిడ స్టేషన్‌కే వచ్చింది మేడమ్."

"స్టేషన్‌కా? ఎప్పుడు?"

"పదీ పదికి. గేటు దగ్గర డాక్టర్ గారి కోసం నిలబడిందట. డాక్టర్ గారు బయటికి రాగానే కాళ్ళ మీద పడ్డంత పనిచేసిందట, తప్పుగా అనుకున్నాను క్షమించమని. ఇద్దరూ కలిసి పార్లమెంటుకే వస్తామని ఆవిడ కారులో బయల్దేరారు. ఇంకా రాలేదా?"

స్టేషన్ నుంచి ఇక్కడికి పది నిమిషాల దారి.

ఆ గదిలో థెక్లా పెట్టె మూత మెల్లగా మూసిన తీరు లెమోనియాకి అప్పుడు అర్థమైంది. ఒప్పందం గురించి తెలిసినవాళ్ళు ముగ్గురు. ఒకడు పోయాడు. ఇంకొకడు నోరు విప్పడని ఆవిడ నమ్మకం. మూడో మనిషి డాక్టర్. ఆమెని థెక్లా ఎదుటే, ఆవిడ వింటుండగానే తను విడిపించింది. ఐసు చూపించి మరీ విడిపించింది.

డాక్టర్ నంబరు నొక్కింది. నాలుగుసార్లు మోగాక ఎత్తారు.

"ఇన్‌స్పెక్టర్ గారూ!" డాక్టర్ గొంతు హుషారుగా ఉంది. "మీకు థాంక్స్ చెప్పాలనుకుంటున్నాను. థెక్లా గారితో ఉన్నాను. మిల్తోస్ చేత్తో రాసిన చిత్తుప్రతి ఒకటి ఆవిడ ఫ్యాక్టరీలో ఉందట. తీసుకుని నేరుగా..."

"డాక్టర్ గారూ, జాగ్రత్తగా వినండి. నేను చెప్పేది పైకి అనకండి. కారు ఎక్కడుంది ఇప్పుడు?"

"ఊరు దాటాం. ఎందుకు? ఒక్క నిమిషం, ఆవిడ మాట్లాడతారట."

ఫోన్ చేతులు మారిన చప్పుడు.

"ఏం తల్లీ," అంది థెక్లా. ప్రశాంతమైన గొంతు. "మా వాడు మాట్లాడటం మొదలుపెట్టాడా?"

వసారా గోడకున్న స్పీకరులోంచి సరిగ్గా అప్పుడే ఇయాసోన్ గొంతు వచ్చింది. "నా పేరు ఇయాసోన్ మవ్రిదిస్. నేనిప్పుడు చదవబోయేది నాకు రాసిచ్చిన ప్రసంగం కాదు..."

లెమోనియా ఫోన్‌ని అరచేత్తో కప్పి మెట్ల వైపు పరిగెత్తింది. వ్లాహోస్ కారు తాళాలు తీస్తూ ఆమెకంటే ముందే మెట్లు దిగుతున్నాడు. స్పీకరు గొంతు వెనకబడ్డాక ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇంకా లేదమ్మా. ఇంకెవరో మాట్లాడుతున్నారు. అతని వంతు రావడానికి అరగంట పట్టేలా ఉంది. మీరు ఒక పని చెయ్యండి, కారు పక్కకి ఆపి..."

అవతల కారు ఇంజను చప్పుడు వినిపించింది. దాని వెనక సన్నగా, గరగరలాడుతూ, ఒక గొంతు.

"...మిల్తోస్ కొంతోస్ గారు, డాక్టర్ ఫోతీని ద్రోసు గారు నా ఎదుట మాట్లాడుకుని, కలిసి సంతకం చేసిన ఒప్పందం ఇది..."

"కారులో రేడియో ఉంది తల్లీ," అంది థెక్లా. "కమిటీ మీటింగు అందులో వస్తోంది."

రేడియో ఆగిపోయింది. ఆ తర్వాత నాలుగు తలుపుల తాళాలూ ఒక్కసారే పడిన చప్పుడు వినిపించింది.